డాక్స్ మొత్తం చదివినా కొత్తవాళ్లకు పని అంతుపట్టట్లేదా?

బెంగళూరులో మారతహళ్లి పీజీల్లో ఉంటూ పనికొచ్చే మన తెలుగు ఫ్రెషర్లు డాక్స్ (పని ఎలా చేయాలో టీమ్ రాసిపెట్టే పత్రాలు) చదివి కూడా మొదటి పుల్ రిక్వెస్ట్ (తమ కోడ్ మార్పును కలుపుకోమని అడగడం) దగ్గరే ఆగిపోతున్నారంటే, ముందు ఆ డాక్స్‌నే అనుమానించండి.

సమస్య: గ్లాసరీ (పదాల అర్థాల పట్టిక) ఉన్నా అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు.
అది ఎక్కడో చివర ఉంది, చదివే వాక్యాన్ని వదిలేసి అక్కడిదాకా ఎవరు వెళ్తారు? పదం మొదటిసారి వచ్చిన చోటే అర వాక్యంలో చెప్పేయండి. ఐ18ఎన్ అంటే ఇంటర్నేషనలైజేషన్ (సాఫ్ట్‌వేర్‌ను వేరే భాషలకూ సరిపడేలా తయారుచేయడం), ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటి ఐకీ చివరి ఎన్‌కీ మధ్య 18 అక్షరాలు. కే8ఎస్ అంటే కుబర్నెటీస్ (అప్లికేషన్లను చాలా మెషీన్ల మీద నడిపించే సాఫ్ట్‌వేర్), మధ్యలో 8. ఎవరూ చెప్పకపోతే అదేదో వెర్షన్ నంబర్ అనుకుంటారు పాపం.

సమస్య: ఎవరూ ఏమీ అడగట్లేదు, పని మాత్రం తప్పుతోంది.
అసలు టెన్షన్ పడాల్సింది దీనికే. తెలియని పదాన్ని గూగుల్‌లో వెతుక్కుంటారు, తెలుసు అనుకున్నదాన్ని వెతకరు. అప్‌స్ట్రీమ్‌నే చూడండి, ఒక్కో చోట ఒక్కో అర్థం: గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) మన లోకల్ బ్రాంచ్ (మన మెషీన్‌లో విడిగా నడిచే కోడ్ పాయ) ట్రాక్ చేసే బ్రాంచ్, ఫోర్క్ (సొంత కాపీ) చేసేవాళ్లు అసలు రిపోకి (కోడ్ ఉండే చోటు) పెట్టుకునే రిమోట్ (సర్వర్ మీది రిపో చిరునామా) పేరు, ఎన్జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో రిక్వెస్టులు అందుకునే వెనక సర్వర్ల గుంపు, డెబియన్ అనే లైనక్స్ వాళ్లకైతే ఆ సాఫ్ట్‌వేర్ పుట్టిన అసలు ప్రాజెక్టు. "అప్‌స్ట్రీమ్ మార్చండి" అని మీరు ఎన్జిన్ఎక్స్ గురించి రాస్తే, కోచింగ్‌లో గిట్ ఒక్కటే నేర్చుకొచ్చిన అబ్బాయి వెళ్లి రిమోట్ మార్చేస్తాడు, పైగా ఎర్రర్ కూడా రాదు. అలాంటి పదం పక్కన ఏ ఫైలు, ఏ కమాండ్ అన్నది అక్కడికక్కడే రాయండి. గిట్ సొంత పదాలకైతే మీరు కష్టపడక్కర్లేదు, 'గిట్ హెల్ప్ గ్లాసరీ' అని కొడితే దాని పదకోశమే తెరుచుకుంటుంది.

సమస్య: ఒక వివరణ చదివితే ఇంకో మూడు పదాలు వెతకాల్సి వస్తోంది.
రాసింది పాత కాపు కాబట్టి. రీబేస్ అంటే "కమిట్లను కొత్త బేస్ మీద రీప్లే చేయడం" అంటే కొత్తవాళ్లకు ఏం తెలుస్తుంది? చేస్తే ఏమవుతుందో చెప్పండి: కమిట్లకు (గిట్‌లో సేవ్ చేసిన మార్పులకు) కొత్త ఐడీలు వస్తాయి, అంతకుముందే పుష్ చేసి (సర్వర్‌కు పంపి) ఉంటే మామూలు పుష్ ఇక ఒప్పుకోదు, అందుకే నలుగురు వాడే బ్రాంచ్ మీద చేయొద్దు.

సమస్య: ల్యాప్‌టాప్‌లో కనిపించే వివరణ ఫోన్‌లో లేదు.
ఏబీబీఆర్ ట్యాగ్‌లో (వెబ్ పేజీలో పొట్టి పదాలకు వాడే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్) టైటిల్ పెట్టి వదిలేసి ఉంటారు. అది మౌస్ పైకి తెస్తేనే కనిపిస్తుంది, సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో బస్సులో ఇరుక్కుని చదివేవాళ్లకు మౌస్ ఎక్కడిది? వాక్యంలోనే రాసేయండి.

సమస్య: కొత్త పదాలు గ్లాసరీలోకి ఎక్కట్లేదు.
స్ఫింక్స్ (డాక్స్‌ను వెబ్ పేజీలుగా మార్చే టూల్) వాడుతుంటే పదాలను టర్మ్ రోల్‌తో (పదాన్ని గ్లాసరీకి లింకు చేసే గుర్తు) రాయండి. గ్లాసరీలో లేనిదానికి వార్నింగ్ వస్తుంది, బిల్డ్ (ఆ పేజీలు తయారుచేసే) కమాండ్‌కు మైనస్, పెద్ద డబ్ల్యూ కలిపితే బిల్డే ఫెయిలవుతుంది. సీనియర్లు రెండు వారాలు గొణుక్కుంటారు, గొణుక్కోనివ్వండి.