వేడి టీ మీద పడి కాలితే ఏం చేయాలి, ఎవరిని అడగాలి

వేడి టీ గానీ కాఫీ గానీ మీద పడి ఎవరికైనా కాలితే మన గోదావరి జిల్లాల్లో ఎక్కువగా జరిగేది ఒకటే, కొట్టు యజమాని "చూసుకోవాలి కదండీ" అంటాడు, కాలినవాళ్లు "మన టైం బాగోలేదు" అనుకుని ఇంటికెళ్లిపోతారు. అలా వదిలేయకండి. బొబ్బలెక్కి తోలు ఊడిన గాయం అంటే వారాల తరబడి డ్రెస్సింగులు, పనికి వెళ్లలేని రోజులు, పోని మచ్చ. ఆ భారం ఎవరు మోయాలో అడగడానికి చట్టంలో దారి ఉంది. అయితే ముందు గాయం సంగతి, ఆ తర్వాతే బాధ్యత సంగతి.

కాలిన చోట మామూలు కుళాయి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయాలి. రెండు నిమిషాలు పోసి ఆపేస్తే చాలదు, పైకి చల్లబడినట్టే ఉన్నా లోపలి పొరల్లో వేడి ఇంకా కాలుస్తూనే ఉంటుంది. కుళాయి లేకపోతే బోరు నీళ్లు, మంచినీళ్ల బాటిళ్లు, శుభ్రమైనవి ఏవైనా సరే, కాస్త ఆలస్యమైనా మూడు గంటల లోపు పోస్తే మేలే. పక్కనే కాలవ ఉంది కదా అని అందులో ముంచొద్దు, గాయం చీము పడుతుంది. టీ పీల్చుకున్న బట్ట వేడిని పట్టుకునే ఉంటుంది కాబట్టి వెంటనే తీసేయండి, చర్మానికి అంటుకుపోతే మాత్రం లాగకండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, పట్టీలు తీయాలి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, పసుపు వద్దు, సిరా అసలే వద్దు. శుభ్రమైన పల్చటి బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి వెళ్లండి. ముఖం, చేతులు, కీళ్లు, మర్మావయవాల దగ్గర కాలినా, గాయం కాలినవాళ్ల అరచేతి కంటే పెద్దదైనా, కాలింది పసిపిల్లలకైనా "రేపు చూద్దాంలే" అనొద్దు, 108కి ఫోన్ చేయండి. 60 డిగ్రీల ద్రవం పెద్దవాళ్ల చర్మాన్ని లోతుగా కాల్చడానికి ఐదు సెకన్లు చాలు, 70 డిగ్రీల దగ్గర ఒక్క సెకను చాలు, పిల్లల చర్మం పల్చన కాబట్టి వాళ్లకి ఇంకా తక్కువ. పొయ్యి మీంచి అప్పుడే దించిన టీ దానికన్నా చాలా వేడిగా ఉంటుంది.

ఆసుపత్రిలో డాక్టరు గారు ఎలా జరిగిందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. ఏ ఊళ్లో, ఏ కొట్లో, ఎన్ని గంటలకు, ఎవరి చేతిలోంచి ఒలికింది, అంతా. కొట్టువాడు తెలిసినవాడని మొహమాటపడి "ఇంట్లో ఒలికిందండీ" అని రాయించేస్తారు కొందరు, ఆ ఓపీ చీటీయే రేపు మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

అదే రోజు మీ వాళ్లలో ఒకరిని జరిగిన చోటికి పంపండి. కప్పు, కవరు, విరిగిన పిడి, ఏది దొరికితే అది దాచాలి, పొయ్యి ఎక్కడుంది, బల్ల ఎక్కడుంది, దారి ఎంత ఇరుకో ఫోటోలు తీయాలి. బిల్లు లేదని బెంగ పడకండి, టీకి ఎవరూ బిల్లు అడగరు, ఫోన్‌పేలో కట్టిన పది రూపాయల ఎంట్రీయే మీరు అక్కడ కొన్నారనడానికి రుజువు. సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ చెరిపేయొద్దని వెంటనే కాగితం మీద రాసిచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి లేదా వాట్సాప్‌లో పంపండి, చాలా కెమెరాల్లో కొద్ది రోజులకే పాతది పోయి కొత్తది ఎక్కేస్తుంది. గాయం ఫోటోలు తేదీతో సహా మానేదాకా తీస్తూ ఉండండి.

ఇక బాధ్యత. టీ వేడిగా ఇచ్చారన్నంత మాత్రాన తప్పు కాదు, వేడి కోసమేగా తాగేది. చూడాల్సింది ఆ వేడిని మీ చేతికి ఎలా అందించారన్నది. అంచుదాకా పోసిన పల్చటి పేపర్ కప్పు నలిగి ఒలికినా, మనుషులు నిలబడే చోట మరిగే గిన్నె ఊగుతూ ఉన్నా, కూర్చున్నవాళ్ల తల మీదుగా ట్రే తిప్పినా అది అజాగ్రత్త. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవా లోపం అంటే అజాగ్రత్త కూడా కలిసే వస్తుంది. తప్పు చేసింది కుర్రాడే అయినా జవాబు చెప్పాల్సింది అతన్ని పనిలో పెట్టుకున్న యజమాని, ఆ కుర్రాడి మీద కేకలేసి ఉపయోగం లేదు. ఆ కుర్రాడికే కాలితే అదీ యజమాని బాధ్యతే, కార్మిక శాఖకి వెళ్లొచ్చు.

పార్సిల్ టీ గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పొంగే టీని పల్చటి పాలిథిన్ కవర్లో పోసి మూతికి రబ్బరు బ్యాండు చుట్టి ఇస్తారు, మనం బండి హ్యాండిల్‌కి తగిలించుకుని గతుకుల్లో పడి పోతాం, కవరు పగిలితే తొడలు కాలిపోతాయి, ఇంట్లో పిల్లలు కవరు పట్టుకుని లాగినా అంతే. ఆ కవరు ఎంచుకున్నది కొట్టువాడు, అందుకే మొదటి బాధ్యత అతనిదే అంటాను. హ్యాండిల్‌కి తగిలించుకున్న మన తప్పు కూడా లెక్కలోకి వస్తుంది, దాని మేరకు పరిహారం తగ్గించొచ్చు. కొట్టువాళ్లారా, దయచేసి మూత గట్టిగా ఉన్న ఫ్లాస్కులోనో డబ్బాలోనో ఇవ్వండి, అవి తెచ్చుకోని వాళ్లకి బాగా చల్లార్చి ఇవ్వండి.

పెళ్లిళ్లలో విడిదింట్లో కాఫీ ఒలికితే అడగాల్సింది పెళ్లివారిని కాదు, క్యాటరింగ్ కాంట్రాక్టరుని. డబ్బు కట్టింది పెళ్లివారైనా, వాళ్ల సమ్మతితో ఆ సేవ అందుకున్న అతిథి కూడా చట్టం లెక్కలో వినియోగదారుడే. ఉచితంగా పోసిన చోట, అంటే చలివేంద్రంలోనో అన్నదానంలోనో, వినియోగదారుల చట్టం వర్తించదు, అజాగ్రత్త రుజువైతే సివిల్ కోర్టు దారి మాత్రం ఉంటుంది. రైల్లో అయితే అమ్మినవాడి బ్యాడ్జీ, రైలు నంబరు, కోచ్ రాసుకుని 139కి అప్పుడే ఫిర్యాదు చేయండి, రాజమండ్రి దాటి నిడదవోలు వచ్చేసరికి అతను దిగిపోతాడు. ఫ్లాస్కు పగిలో, కెటిల్ పిడి ఊడో కాలితే తయారీ కంపెనీని అడగొచ్చు, విరిగిన ముక్కలు పారేయకండి. ఎవరో తోసుకుంటూ వచ్చి మీ చేతికి తగిలితే మాత్రం ఆ తోసినవాడిదే తప్పు, కొట్టుది కాదు.

అమెరికాలో కాఫీ ఒలికితే కోట్లిచ్చారట అని చాలామంది నవ్వుతారు, అసలు సంగతి తెలుసుకోవాలి. 1992లో ఆల్బుకర్కీ నగరంలో 79 ఏళ్ల స్టెల్లా లీబెక్ ఆగి ఉన్న కారులో కూర్చుని మెక్‌డొనాల్డ్స్ కాఫీ మూత తీస్తుంటే ఒడిలో ఒలికింది. లోతుగా కాలి చర్మం అతికించాల్సి వచ్చింది, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ కాఫీ 82 నుంచి 88 డిగ్రీల వేడితో ఇచ్చేవారు, అంతకుముందే ఏడు వందలకు పైగా ఫిర్యాదులు ఆ కంపెనీకి అందాయి. 1994లో జ్యూరీ, అంటే కోర్టులో తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టిన మామూలు పౌరులు, ఆమె తప్పు 20 శాతమని తేల్చి రెండు లక్షల డాలర్ల నష్టపరిహారాన్ని లక్షా అరవై వేలకు తగ్గించింది, దాని పైన వేసిన 27 లక్షల డాలర్ల శిక్షా పరిహారాన్ని జడ్జి 4,80,000కి కుదించారు, చివరికి ఇరువర్గాలూ బయటే రాజీపడ్డాయి. ఆ కేసులో బలం ఆ పాత ఫిర్యాదులదే. మీరూ చుట్టుపక్కల అడగండి, ఆ కొట్లో ముందు ఎవరికైనా కాలిందా, యజమానికి చెప్పారా అని.

డబ్బు అడిగేటప్పుడు ముందు మర్యాదగానే అడగండి. తోపుడు బండి మీద టీ అమ్ముకునే అక్కని కోర్టుకి లాగే ముందు ఆసుపత్రి ఖర్చు పెట్టుకోమంటే చాలాసార్లు సర్దుబాటవుతుంది, పెద్ద హోటళ్లతో అయితే మొదటి రోజు నుంచే అంతా రాతలో ఉండాలి. ఎంత ఇచ్చినా "ఇక నాకు ఏ అభ్యంతరం లేదు" అన్న కాగితం మీద గాయం పూర్తిగా మానేదాకా సంతకం పెట్టకండి. పిల్లలకి కీళ్ల దగ్గర కాలితే మచ్చ బిగుసుకుపోయి, ఎదిగే కొద్దీ చెయ్యి చాపలేని పరిస్థితి రావచ్చు, ఆ ఆపరేషన్ ఖర్చు ఈ రోజు ఎవరికీ తెలియదు.

దారికి రాకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, జరిగిన రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. విజయవాడలో కాలినా మీరు ఉండేది అమలాపురమైతే మీ జిల్లాకు సంబంధించిన కమిషన్‌లోనే వేయొచ్చు. కొన్నదాని ధర ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, మీది టీ కప్పు ధరే. ముందు సలహాకి 1915 హెల్ప్‌లైన్ ఉంది. గాయం తీవ్రంగా ఉండి అజాగ్రత్త కళ్లకు కడుతుంటే పోలీసులకీ ఫిర్యాదు ఇవ్వొచ్చు, భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ ఇలాంటి వాటికే, కానీ ఆ కేసుని నమ్ముకుని పరిహారం కోసం ఆగకండి, ఇది వేరు, అది వేరు. లాయరు లేకుండా కమిషన్ ముందు మీరే మాట్లాడొచ్చు. తోడు కావాలంటే 15100కి ఫోన్ చేయండి, ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది.