మోకరించగానే గ్యాస్ బండ గుర్తుకొస్తుంటే

దేవునితో కాసేపు గడపాలన్న ఆశతోనే తెల్లవారుజామున మోకరిస్తాను. కళ్లు మూసుకోగానే గ్యాస్ బండ, కరెంటు బిల్లు వరుసగా గుర్తుకొస్తాయి. ఈ మధ్య బైబిల్లోని 119వ కీర్తన పట్టుకున్నాను. మొత్తం 176 వచనాలు, 8 వచనాల చొప్పున 22 భాగాలు (ఈ కీర్తన మొదట రాసిన హీబ్రూ భాషలో అక్షరాలు 22, ఒక్కో అక్షరానికి ఒక భాగం, అందుకే ఆ లెక్క). రోజుకు ఒక్క భాగమే, పెదవులు కదిలేలా నెమ్మదిగా చదివి, మనసుకు తగిలిన ఒక వచనాన్ని సొంత మాటల్లో దేవునికి తిరిగి చెప్పాలి. పక్కన చీటీ, పెన్సిలు ఉంచుకోండి. మధ్యలో గుర్తుకొచ్చిన పనిని ఒక్క మాటలో రాసేసి మళ్లీ వచనం దగ్గరికి రావచ్చు. నిన్నటి నా చీటీలో 'మినప్పప్పు' అని ఉంది. ఒక రోజు తప్పిందని మర్నాడు రెండు భాగాలు కలిపి చదవకండి, పాఠం అప్పజెప్పినట్టే ఉంటుంది. ఫోనులో బైబిల్ చదివితే మాత్రం ఇది కుదరదు, ఒక్క మెసేజ్ మోగితే చాలు.