ఏప్రిల్, మే నెలల్లో ఎల్లోస్టోన్ వెళ్లేవారికి

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కును వసంతంలో కారులో చూడాలనుకునేవారు హోటల్ గదుల కంటే ముందు ఏ రోడ్డు ఎప్పుడు తెరుస్తారో చూసుకోవాలి. సాధారణంగా పడమటి ద్వారం ఏప్రిల్ మూడో శుక్రవారం తెరుచుకుంటుంది. జాక్సన్ వైపునున్న దక్షిణ ద్వారం మే రెండో వారం దాకా మూసే ఉంటుంది. రెడ్ లాడ్జ్ నుంచి వచ్చే బేర్‌టూత్ రహదారిని మే నెలాఖరుకు గానీ తెరవరు. ఉత్తర ద్వారం దగ్గరి గార్డినర్ ఊరి నుంచి కుక్ సిటీ వరకు వెళ్లే రోడ్డు మాత్రం ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది కాబట్టి, ముందుగా వెళ్లేవారు గార్డినర్‌లో బస చేసి, తెల్లవారకముందే ఆ దారిలోని లామార్ లోయకు బయలుదేరడం అన్నిటికన్నా మేలని నా అభిప్రాయం. కరగని మంచు పక్కనే, ఇటుక రంగు బైసన్ (అడవి దున్నల వంటి జంతువు) దూడలు తల్లుల వెంట తడబడుతూ నడిచే ఆ దృశ్యం వేసవి రద్దీలో దొరకదు. వాటికి కనీసం 23 మీటర్లు, ఎలుగుబంట్లకూ తోడేళ్లకూ 91 మీటర్ల దూరంలో ఉండటం తప్పనిసరి.

సీజన్ మొదలుకాని ఈ రోజుల్లో చిన్న ఊళ్లలో చాలా భోజన హోటళ్లు తెరవరు. అందుకని పులిహోర వంటిది వెంట ఉంచుకోవాలి, అయితే ఎలుగుబంట్లు తిరిగే చోటు గనుక డబ్బాను బల్ల మీద వదలకుండా కారులోనే పెట్టి తలుపులు వేయాలి. మే నెలలోనూ మంచు కురిసి తెరిచిన రోడ్లను మళ్లీ మూస్తుంటారు కనుక, ప్రతి ఉదయం నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో రోడ్ల పరిస్థితి చూసుకున్నాకే బయలుదేరండి.