పెద్దవాళ్ల చర్మం, 4వ పాఠం: నీళ్లు ముందు, నూనె తర్వాత

చర్మం చిరిగితే కట్టు ఎలా కట్టాలో ఈ వారం చెప్పాల్సింది. అది వచ్చే వారం చూద్దాం. పొడిబారిన చర్మానికి నూనె రాయమని పోయిన పాఠంలో చెప్పాను. అది చదివి చేసినవాళ్లు చాలామంది తలకిందులుగా చేశారు. స్నానానికి ముందు ఒళ్లంతా కొబ్బరి నూనె పట్టించి, పొగలు కక్కే నీళ్లు పోసి, జిడ్డు పోవాలని సబ్బుతో రుద్దేశారు. దురద ఇంకా పెరిగిందన్నారు. పెరుగుతుంది మరి. రాజాంలో ఒకావిడ అత్తగారి అరికాళ్లకు కూడా నూనె రాసింది. ఆ పెద్దావిడ బాత్‌రూమ్ గడప దగ్గర జారి పడింది, ఎముక విరగలేదు, అదే పదివేలు. అరికాళ్ల సంగతి విడిగా రాయకపోవడం నా తప్పు. అరికాళ్లకు రాత్రి మంచం ఎక్కాకే రాయండి, కాలు కింద పెట్టే ముందు తుడిచేయండి. మిగతా ఒంటికి బాత్‌రూమ్ బయట, కుర్చీలో కూర్చోబెట్టి రాయండి.

నూనె ఒంటికి తడి ఇవ్వదు, ఉన్న తడిని పోనివ్వదు. చెరువులో నీళ్లు చేరాక గట్టు కాపాడినట్టు. వయసు మీద పడేకొద్దీ చర్మంలోని నూనె గ్రంథులు మందగిస్తాయి. మిగిలిన కాస్త జిడ్డునీ వేడినీళ్లూ సబ్బూ కడిగేస్తాయి. దసరా తర్వాత విజయనగరంలో జరిగే సిరిమాను పండగ వెళ్లి మంచు మొదలయ్యేసరికి మోకాళ్ల కింద చర్మం చేప పొలుసులా లేచేది అందుకే.

గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాల లోపు స్నానం. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. తువ్వాలుతో అద్దండి. తడి ఆరకముందే, మూడు నిమిషాల్లో రాసేయండి. వేళ్ల సందులు, రొమ్ముల కింద, పొట్ట మడతలు మాత్రం పొడిగా తుడిచి వదిలేయండి.

ఏది రాయాలంటే, నా ఓటు వాజెలిన్‌కే. చవక, వాసన లేదు, మంట పుట్టదు. కొబ్బరి నూనె మంచిదే కానీ 24 డిగ్రీల కిందికి దిగితే గడ్డకడుతుంది, కరిగించేసరికి ఒళ్లు ఆరిపోతుంది. ఆవనూనె వద్దు, పెద్దవాళ్ల చర్మం ఆ ఘాటుకు ఆగదు.

ఇక ట్యూబ్. దీని గురించి ఎన్నిసార్లైనా చెబుతాను. దురద అనగానే మెడికల్ షాపు నుంచి తెచ్చుకునే ఆ చిన్న ట్యూబ్ మీద సన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడే. ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కూడా కలిపి ఉంటే అన్నిటికీ పనికొస్తుందనుకుంటారు. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, మోసపోయేది అక్కడే. తామర మీద రాస్తే ఎరుపు తగ్గుతుంది కానీ ఫంగస్ పాకుతూనే ఉంటుంది, ఆపగానే ఇంకా పెద్దదై కనిపిస్తుంది. గజ్జి మీద రాస్తే పురుగు చావదు, పొక్కుల రూపు మారి డాక్టరుకు కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. (ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రాత్రిళ్లు దురదగా ఉంటే ముందు గజ్జినే అనుమానించండి. దానికి మందు ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి.) పొడి చర్మం మీద నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొర అవుతుంది. గాజు ఒత్తుకున్నా నల్లమచ్చ, మంచం కోడు తగిలినా చిరుగు. డాక్టరు చూసి, ఇన్ని రోజులని రాసిస్తే అదే మంచి మందు. పక్కింటివాళ్లు వాడి మిగిల్చింది మందు కాదు.

దద్దు, పొక్కు ఏమీ లేకుండా ఒళ్లంతా దురద పెడుతూ, పదిహేను రోజులు వాజెలిన్ గానీ నూనె గానీ సరిగ్గా రాసినా తగ్గకపోతే రక్తపరీక్ష చేయించండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), షుగర్, థైరాయిడ్, లివర్ చూడాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వాళ్లు ఆ పదిహేను రోజులు కూడా ఆగొద్దు. అక్కడ కిడ్నీ జబ్బు ఎంత చప్పుడు లేకుండా వస్తుందో మీకు తెలుసు. అది ముదిరాక వచ్చే దురద నూనెకు లొంగదు. పలాసలో 2023 డిసెంబరు నుంచి ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రి ఉంది.

అభ్యాసం ఏడు రోజులు. నోటు పుస్తకంలో మనిషి బొమ్మ ముందూ వెనకా గీయండి, రోజుకో కొత్త బొమ్మ. పగటి వెలుతురులో తల నుంచి మడమ దాకా చూసి ప్రతి మచ్చనూ, గోకుడు గీతనూ బొమ్మ మీద గుర్తు పెట్టండి. వీపు, చెవుల వెనక, కాలివేళ్ల సందులు వదలొద్దు, షుగర్ ఉన్నవాళ్లకు మరీ ముఖ్యం. పెరుగుతున్న నల్లమచ్చ గానీ, మూడు వారాలకు మానని పుండు గానీ కనిపిస్తే వచ్చే పాఠం దాకా ఆగకుండా చర్మ డాక్టరుకు చూపించండి. అత్తగారు సిగ్గుపడితే తలుపు వేసి, దుప్పటి కప్పి, చూసే చోటు మాత్రమే తీసి మళ్లీ కప్పండి.