విదేశంలో అద్దె కారు: బుకింగ్ ఉన్నా తాళం చేతికి రాకపోతే

సమస్య: ముందుగానే బుక్ చేసుకొని విమానాశ్రయంలోని కౌంటర్ దగ్గరికి వెళితే, అక్కడి ఉద్యోగి పత్రాలన్నీ తిరగేసి, కారు ఇవ్వడం కుదరదంటాడు.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకపోవడమే కారణమని అందరూ మొదట అనుకుంటారు. అది నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా రవాణా కార్యాలయంలో ఫారం 4ఎ ఇచ్చి, వెయ్యి రూపాయల రుసుము, పైన సేవా ఛార్జీలు కడితే వచ్చేదే. గడువు ఏడాది, లైసెన్సు గడువు అంతకన్నా ముందే తీరితే అప్పటివరకే. దానితోపాటు అసలు లైసెన్సు కార్డు కూడా చూపాలి, ఫోన్‌లోని డిజిలాకర్ ప్రతిని నమ్ముకోవద్దు.

అసలు చిక్కు పేరులో ఉంటుంది. మన లైసెన్సులపై ఇంటిపేరు చాలావరకు ఒక్క అక్షరంగానే మిగులుతుంది, పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో పూర్తిగా ఉంటుంది, బ్యాంకువాళ్లేమో కార్డుపై చోటు చాలక మరోలా కుదించి అచ్చువేస్తారు. పర్మిట్ దరఖాస్తు నా చేత్తో నేనే నింపి పంపిన మా బావగారికి దుబాయిలో ఇదే జరిగింది. లైసెన్సుపై 'కె. వెంకట్‌రెడ్డి', పాస్‌పోర్టులో 'కొత్తపల్లి వెంకట రెడ్డి', క్రెడిట్ కార్డుపై 'వెంకట్ ఆర్ కె'. కౌంటర్‌లోని అమ్మాయి పెన్ను కొనను ఒక్కో పేరు కింద ఆనించి చదివి, ముగ్గురిలో మీరెవరని అడిగిందట. పర్మిట్‌లో పేరు లైసెన్సు నుంచే వస్తుంది గనుక, అక్కడి తప్పు ఇక్కడికీ దిగింది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

పరిష్కారం: పర్మిట్‌కు దరఖాస్తు చేయకముందే పాస్‌పోర్టు, లైసెన్సు, కార్డు మూడింటినీ బల్లమీద పక్కపక్కన పెట్టి, పేరును అక్షరం అక్షరం చదవండి. తేడా ఉంటే పాస్‌పోర్టు నకలు జతచేసి ముందు లైసెన్సులో సవరణ చేయించండి, ఆ తర్వాతే పర్మిట్ తీసుకోండి. బుకింగ్ కూడా పాస్‌పోర్టులోని పేరుతోనే ఉండాలి.

పేరు సరిపోయినా పని ఆగితే కార్డును చూడండి. డిపాజిట్ సొమ్మును నిలిపి ఉంచేందుకు నడిపేవారి పేరున ఉన్న క్రెడిట్ కార్డే సాధారణంగా అడుగుతారు, అల్లుడి కార్డుతో పని జరగదు. రిజర్వు బ్యాంకు 2020 నిబంధనల ప్రకారం కొత్త కార్డులు దేశంలోపలి లావాదేవీలకే తెరిచి వస్తాయి కాబట్టి, అంతర్జాతీయ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో మీరే తెరవాలి. డిపాజిట్‌కు సరిపడా పరిమితి మిగిలిందో లేదో కూడా అక్కడే కనిపిస్తుంది.

వయసు 25 దాటనివారికి అదనపు రుసుము పడటం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు.