నీటి నమూనాలోని డీఎన్ఏతో జలచరాలను గుర్తించడం ఎలా?

చేపలు, కప్పలు, నత్తలు తాము బతికే నీటిలోకి చర్మకణాలను, శ్లేష్మాన్ని, మలాన్ని నిరంతరం విడుస్తుంటాయి. వాటి ద్వారా నీటిలో చేరే డీఎన్ఏనే పర్యావరణ డీఎన్ఏ అంటారు. ఫ్రాన్స్‌లోని కుంటల్లో అమెరికన్ బుల్‌ఫ్రాగ్ అనే పరాయి కప్ప ఉనికిని కేవలం నీటి నమూనాలతో పసిగట్టవచ్చని 2008లో పరిశోధకులు చూపారు. ఆ తరువాత, వల వేయకుండానే మంచినీటి జీవవైవిధ్యాన్ని పరిశీలించే ఈ పద్ధతి బాగా వ్యాపించింది. ఇందులో నీళ్లు తేవడం సులువే. కష్టమంతా శుభ్రత పాటించడంలో, ఫలితాన్ని సరిగా చదవడంలో ఉంది.

ముందుగా ప్రశ్నను తేల్చుకోవాలి. ఒకే జాతి ఉనికి తెలియాలంటే దాని డీఎన్ఏకు మాత్రమే అతికే ప్రైమర్లతో (చిన్న డీఎన్ఏ ముక్కలతో) రియల్ టైమ్ పీసీఆర్, అంటే ఆ డీఎన్ఏ నకళ్లను పెంచుతూ కొలిచే పరీక్ష, చాలు. సరస్సులోని చేపలన్నిటి జాబితా కావాలంటే మెటాబార్‌కోడింగ్ చేయాలి, అంటే అనేక జాతుల డీఎన్ఏను ఒకేసారి చదివి తెలిసిన క్రమాలతో పోల్చాలి, కానీ అక్కడ ఉండగల జాతుల డీఎన్ఏ క్రమాలు రిఫరెన్స్ డేటాబేస్‌లో ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. డేటాబేస్‌లో లేని జాతి నీటిలో ఎంత సమృద్ధిగా ఉన్నా దాని పేరు దొరకదు.

రెండవది చోటు, కాలం. నిలువ నీటిలో డీఎన్ఏ ఎక్కువ దూరం సాగదు కనుక చెరువు చుట్టూ పలుచోట్ల నీరు తీయాలి. నదిలో అందుకు భిన్నం: స్విట్జర్లాండ్‌లోని గ్లాట్ నదిలో, ఎగువ సరస్సులో ఉండే డాఫ్నియా అనే చిన్న నీటిజీవుల డీఎన్ఏ దాదాపు 12 కిలోమీటర్ల దిగువన కూడా కనిపించింది. సంతానోత్పత్తి కాలంలో నీటిలోకి డీఎన్ఏ ఎక్కువగా చేరుతుంది. ఇంగ్లండ్‌లో గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ అనే తోక ఉన్న ఉభయచరం కోసం అధికారిక నమూనాలను ఏప్రిల్ 15 నుంచి జూన్ 30 లోపే తీయాలన్న నియమం ఆ జీవి కుంటల్లో ఉండే కాలాన్ని బట్టి పెట్టినదే.

ఇక నమూనా సేకరణ. సీసాలను, పనిముట్లను పది శాతం బ్లీచ్ ద్రావణంతో కడిగి, ఆ బ్లీచ్ మిగలకుండా మళ్లీ శుభ్రమైన నీటితో కడగాలి, ఎందుకంటే అది నమూనాలోని డీఎన్ఏను కూడా ధ్వంసం చేస్తుంది. ప్రతి చోటా కొత్త చేతితొడుగులు వేసుకోవాలి. వాగులో దిగక తప్పకపోతే ప్రవాహానికి ఎదురుగా నిలబడి, మనకు ఎగువనున్న నీటిని తీయాలి. ఒక సీసాలో డీఎన్ఏ లేని శుద్ధజలాన్ని తీసుకెళ్లి, అక్కడే తెరిచి, మిగతా నమూనాల లాగే వడకట్టాలి. దీనినే ఫీల్డ్ బ్లాంక్ అంటారు. ఇది లేని సర్వే ఎంత ఆకర్షణీయమైన జాబితా ఇచ్చినా నేను నమ్మను, ఎందుకంటే ఆ డీఎన్ఏ నీటిదో, బూట్లకు అంటి వచ్చినదో చెప్పే ఆధారమే ఉండదు.

ఒకటి రెండు లీటర్ల నీటిని 0.45 మైక్రాన్ల ఫిల్టర్ గుండా అదే రోజు వడకట్టడం మంచిది; అంతవరకు ఐస్‌లో ఉంచాలి. బురదనీరు ఫిల్టర్‌ను త్వరగా పూడ్చేస్తుంది కాబట్టి పెద్ద రంధ్రాలున్నదాన్నో, రెండు మూడు ఫిల్టర్లనో వాడాలి. తరువాత ఫిల్టర్‌ను ఆల్కహాల్‌లో గానీ, మైనస్ 20 డిగ్రీల వద్ద గానీ భద్రపరచాలి.

ప్రయోగశాలలో డీఎన్ఏ వెలికితీతకు, పీసీఆర్ తరువాతి పనికి వేర్వేరు గదులు ఉండాలి. కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ ఆమ్లాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి, కాబట్టి ఏమీ రానప్పుడు నమూనాను పలుచన చేసి మళ్లీ పరీక్షించాలి.

చివరిది, జాగ్రత్త ఎక్కువ కావలసినది, ఫలితాన్ని చదవడం. సీక్వెన్సింగ్‌లో (డీఎన్ఏ క్రమాన్ని చదవడంలో) వచ్చిన రీడ్ల, అంటే చదివిన డీఎన్ఏ ముక్కల, సంఖ్య చేపల సంఖ్య కాదు. జీవి వయసు, లింగం, బతికి ఉన్నదీ లేనిదీ దీనితో తెలియవు. పక్షి రెట్టల ద్వారా, మురుగునీటి ద్వారా, గాలపు ఎర ద్వారా కూడా డీఎన్ఏ చేరుతుంది. అందుకే నివేదికలో "ఈ జాతి ఉంది" అని కాక "ఈ జాతి డీఎన్ఏ దొరికింది" అని రాయడమే సబబు. దొరకలేదంటే లేదని అర్థం కాదు. ఊహించని జాతి కనిపిస్తే మళ్లీ నీరు తీసి పరీక్షించాలి, వీలైతే కంటితో చూసి నిర్ధారించుకోవాలి.

పేరు దొరకని క్రమాలను పారేయకూడదు. డేటాబేస్‌లో కొత్త జాతులు చేరినప్పుడు వాటిని మళ్లీ పోల్చి చూడవచ్చు.