పిరికివాడిని ఫాంటసీ కథకు నాయకుడిని చేయడం ఎలా?

ఉత్తర కుమారుడు మనకు నవ్వుకోవడానికే గుర్తొస్తాడు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కౌరవులను చెండాడతానన్నాడు, తీరా సైన్యం కంటపడగానే రథం దూకి పరుగెత్తాడు. చాలామంది కథను అక్కడితో ఆపేస్తారు. కానీ బృహన్నల వెంటపడి పట్టి తెచ్చాక ఆ పిల్లవాడే పగ్గాలు అందుకుని భీష్మద్రోణుల బాణాల మధ్యకు రథం తోలాడు. ఇంటికి వచ్చాక, గెలిచింది తాను కాదని నిండు కొలువులో తండ్రికి చెప్పాడు. ఫాంటసీ నవల రాయాలనుకునేవారికి ఈ రెండో సగంలోనే సరుకుంది.

ఎవరూ లెక్కలోకి తీసుకోని మనిషిని వీరుడిగా నిలబెట్టే కథలకు ఆధునిక సాహిత్యంలో నాకు తెలిసిన మేలైన పాఠం, జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1937లో ప్రచురించిన ‘ది హాబిట్’. డ్రాగన్ కాజేసిన నిధిని తిరిగి తెచ్చుకోబోయే మరుగుజ్జుల వెంట ఇల్లు వదిలి వెళ్లే బిల్బో అందులో నాయకుడు. అతడిని పక్కన పెట్టుకుని పని మొదలుపెడదాం.

1. లోటు ఎక్కడుందో ముందే తేల్చుకోండి

పేదరికం వేరు, పిరికితనం వేరు. 1951 నాటి ‘పాతాళభైరవి’ సినిమాలో తోట రాముడు తోటమాలి కొడుకు. పుట్టుక చిన్నదే, గుండె మాత్రం మొదటి నుంచీ పెద్దది. అతడి కథలో పరీక్షకు నిలిచేది అంతస్తు. బిల్బో లెక్క దీనికి తలకిందులు. డబ్బుంది, సుఖమైన ఇల్లుంది, ఊళ్లో పరువుంది, వయసు 50 ఏళ్లు. గడప దాటాలన్న ఆలోచనే లేదు. ఉన్నా, ఉన్నట్టు తనకు తెలియదు.

ఈ రెండింటిలో మీది ఏదో నిర్ణయించుకోకుండా కలం పట్టకండి. ‘మా నాయకుడికి ఫలానాది లేదు’ అని ఒక్క వాక్యం రాసి గోడకు అంటించుకోండి. కథలో వచ్చే ప్రతి ఆపదా ఆ వాక్యాన్నే తాకాలి. పిరికివాడికి పేదరికపు కష్టాలు పెడితే కథ ఎక్కడా అంటుకోదు.

2. ఇంటిని తిండితో సహా చూపించండి

మనిషి దేన్ని వదిలి వెళ్తున్నాడో తెలియకపోతే వెళ్లడంలో గొప్పేముంది? బిల్బో ఇంటికి పదముగ్గురు మరుగుజ్జులు ఒకరి తర్వాత ఒకరు వచ్చిపడి వంటగది ఖాళీ చేసే సన్నివేశం ఇందుకే ఉంది. మర్నాడు అతడు టోపీ, చేతికర్ర, డబ్బు, చివరికి జేబురుమాలు కూడా మరిచి పరుగెత్తుతాడు. నన్నడిగితే ఆ నవలలో అన్నిటికన్నా తెలివైన వస్తువు ఆ జేబురుమాలే. అది లేదనిపించిన ప్రతిసారీ ఇల్లు గుర్తొస్తుంది.

మీ నాయకుడు లేకుండా ఉండలేని వస్తువులు మూడు ఎంచుకోండి. ఆవకాయ లేనిదే ముద్ద దిగనివాడైతే ఆ జాడీ మూడో అధ్యాయంలో పగలాలి. అయితే ఇంటి దగ్గరే నలభై పేజీలు కూర్చోబెట్టకండి, పాఠకుడు మీకన్నా ముందే బయల్దేరి వెళ్లిపోతాడు.

3. పిలుపును జాతకంలో రాయకండి

నా మొదటి రాతప్రతిలో ఒక పశువుల కాపరి ఉండేవాడు. పన్నెండో అధ్యాయంలో అతడి భుజం మీద పుట్టుమచ్చ బయటపడి రాజకుమారుడైపోయాడు. చదివిన స్నేహితుడు ‘అయితే ఇన్నాళ్లూ కాపరి కాదన్నమాట’ అని మాత్రం రాసి తిప్పి పంపాడు. అతడి మాట నిజం. రాజరక్తం బయటపడిన క్షణంలోనే సామాన్యుడి కథ చచ్చిపోతుంది, అప్పటిదాకా పడిన పాట్లన్నీ పొరపాటున పడ్డవైపోతాయి.

టోల్కీన్ బిల్బోకు అప్పగించింది విధిని కాదు, ఉద్యోగాన్ని. అదీ కన్నం వేసే దొంగ ఉద్యోగం. మిగిలే లాభంలో పద్నాలుగో వంతుకు మించకుండా జీతమని ఉత్తరంలో రాసి ఇస్తారు. ఒప్పందంలో పని ఉంటుంది, పని చేతకాకపోవడమూ ఉంటుంది. జోస్యంలో ఆ రెండోదానికి చోటుండదు.

4. మొదటి పని చెడగొట్టండి, తర్వాత పాత విద్యలకు పని చెప్పండి

ఇక్కడ తొందరపడకండి, నవల నిలిచేదీ కూలేదీ ఇక్కడే. బిల్బో మొదటి దొంగతనం ఒక ట్రోల్ రాక్షసుడి జేబు కొట్టడం. ఆ డబ్బు సంచి నోరు తెరిచి ‘ఎవరు నువ్వు?’ అని అరిచింది, దొంగ దొరికిపోయాడు. అతడి వల్ల తక్కినవారంతా గోనె సంచుల్లో పడ్డారు. వాళ్లతో వచ్చిన మాంత్రికుడు గాండాల్ఫ్ కాపాడాడు. ఈ ఓటమి లేకపోతే తర్వాతి గెలుపును ఎవరూ నమ్మరు.

ఆపైన చాలామంది కొత్త రచయితలు నాయకుడిని గురుకులానికి పంపి ఆరు నెలల్లో కత్తిసాము నేర్పించేస్తారు. దయచేసి వద్దు. కాగితం మీద రెండు వరుసలు గీయండి. ఎడమవైపు అతడికి ఇంటి దగ్గరే వచ్చిన చిన్న చిన్న విద్యలు, కుడివైపు దారిలో అవి అక్కరకొచ్చే చోట్లు రాయండి. బిల్బో వరుస చూడండి. చప్పుడు కాకుండా నడవడం, పొడుపుకథలు, చూసినదాన్ని గుర్తుపెట్టుకోవడం. ఇంతే సరంజామా. కొండ అడుగున చీకట్లో బతికే గొల్లమ్ అనే వింత జీవి ఎదురైనప్పుడు ప్రాణం నిలిపింది పొడుపుకథల పందెమే. చివరికి ఏమీ తోచక, జేబులో తగిలిన వస్తువును (గొల్లమ్ పోగొట్టుకున్న ఉంగరం అది) తడుముతూ ‘నా జేబులో ఏముంది?’ అనేశాడు. అది పొడుపుకథే కాదు, దాదాపు మోసం. అంత భయంలో మనిషి అలాగే గెలుస్తాడు. తర్వాత పదముగ్గురినీ పీపాల్లో దాచి నదిలోకి దొర్లించినప్పుడు, తనకొక పీపా కావాలన్న సంగతే మరిచిపోయాడు. పైన వేలాడుతూ వెళ్లి జలుబు తెచ్చుకున్నాడు. తెలివి పెరిగింది కానీ మనిషి మారలేదు.

5. సాహసాన్ని చీకట్లో పెట్టి, ఘనకార్యాన్ని వేరొకరికి ఇవ్వండి

డ్రాగన్ స్మాగ్ నిద్రపోతున్న గదికి దారితీసే సొరంగంలో బిల్బో ఒక్కడే ఆగుతాడు. గురక వినిపిస్తోంది, ఎర్రని వెలుగు కనిపిస్తోంది. అక్కడి నుంచి ముందుకు అడుగు వేయడమే అతడు చేసిన పనులన్నిటిలో పెద్ద సాహసమని రచయితే చెబుతాడు. చూసేవాళ్లు లేరు, చేతికి శత్రువు తగల్లేదు. మీ కథలో ఇలాంటి అర పేజీ కోసం ఎంత సమయమైనా పెట్టండి.

స్మాగ్‌ను చంపింది మాత్రం బిల్బో కాదు, బార్డ్ అనే విలుకాడు. డ్రాగన్ రొమ్ము మీద కవచం లేని చోటును కనిపెట్టింది బిల్బో, ఆ కబురును విలుకాడి చెవిన వేసింది ఒక పిట్ట. ఆ తర్వాతి మహాయుద్ధంలో మన నాయకుడు రాయి దెబ్బకు స్పృహ తప్పి పడి ఉన్నాడు. ఉత్తరుడు పగ్గాలు పట్టినంత మాత్రాన గాండీవం అతడి చేతికి రాలేదు కదా.

6. ముగింపు దొరికాక వెనక్కి వెళ్లి దిద్దండి

1937 ప్రతిలో గొల్లమ్ తానే ఉంగరాన్ని పందెంగా ఒడ్డాడు, ఓడిపోయాక మర్యాదగా బయటికి దారి కూడా చూపించాడు. తర్వాతి పెద్ద నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో ఆ ఉంగరం ఘోరమైనదిగా మారేసరికి ఇది పొసగలేదు. 1951 ప్రతికి టోల్కీన్ ఆ అధ్యాయాన్ని తిరగరాశాడు. ఇప్పుడు గొల్లమ్ చంపడానికే వస్తాడు. బిల్బో కత్తి చేత పట్టి కూడా జాలితో వదిలేస్తాడు. ఆ జాలి ఫలం ఎన్నో ఏళ్ల తర్వాత అగ్నిపర్వతం అంచున అందింది. అక్కడ ఆ పెద్ద నవల నాయకుడు, బిల్బో బంధువు ఫ్రోడో ఉంగరాన్ని నిప్పుల్లో వేయలేక తనదేనన్నాడు. అంటే నాయకుడు ఆఖరి మెట్టు మీద ఓడిపోయాడు. ఉంగరాన్ని వేలితో సహా కొరికి పట్టుకుని లోపలికి జారిపడింది నాడు బతికిపోయిన గొల్లమే. మీ చివరి అధ్యాయం సిద్ధమయ్యాక, దాని విత్తనం మొదటి సగంలో ఎక్కడ పడాలో వెతకండి. చోటు లేకపోతే చేయండి, అచ్చయిన పుస్తకాన్నే ఆయన మార్చాడు.

7. తిరిగి వచ్చాక ఏం పోయిందో లెక్క తీయండి

మేళతాళాలు వద్దు. బిల్బో ఊరు చేరేసరికి అతడు చచ్చిపోయాడనుకుని ఇంట్లో సామానంతా వేలం వేస్తున్నారు. తన కుర్చీలనూ బల్లలనూ తానే డబ్బిచ్చి కొనుక్కోవలసి వచ్చింది. వచ్చినవాడు అసలు బిల్బోనే అని కొందరు బంధువులు చివరిదాకా ఒప్పుకోలేదు. ఊళ్లో పరువు పోయింది. వెండి చెంచాలు చాలా వరకు మాయమయ్యాయి, ఆ బంధువుల మీదే అతడికి అనుమానం. మీ నాయకుడి ఇంట్లో ఏ వస్తువు పోయింది, దాన్ని అడగడానికి ఎవరి గుమ్మం ముందుకు వెళ్తాడు? చివరి అధ్యాయాన్ని ఆ గుమ్మం దగ్గర మొదలుపెట్టండి.